రూట్ పాస్‌వర్డు నా దగ్గరే

2003 ఏప్రిల్ 28, సోమవారం

పొద్దున ఇంకా కుర్చీలో కూర్చోలేదు, చౌడేశ్వరి వచ్చి నిలబడింది. మళ్ళీ "పర్మిషన్ డినైడ్" అట. తను మార్చిన ఫైళ్ళు అందరి కోడూ దాచే సి.వి.ఎస్.లో పెట్టబోతే అది తాళం వేసుకోలేక వెనక్కి కొడుతోందట. రూట్‌గా లాగిన్ అయి, ఆ ఒక్క ఫోల్డరులో ఆమెకు రాసే హక్కు ఇచ్చాను. టీ తాగుతుండగా మళ్ళీ వచ్చింది. ఈసారి దాని పక్క ఫోల్డరు. అన్నం తినేటప్పుడు మూడో ఫోల్డరు.

నేను ప్రోగ్రామర్నా, గేటు దగ్గర వాచ్‌మెన్‌నా?

మనిషి చెడ్డది కాదు. యూనివర్సిటీలో ఎం.సి.ఎ. చేసింది, చేతి వేగం ఉంది. కానీ అడిగేటప్పుడు మొహంలో ఏ భావమూ ఉండదు. విసుక్కున్నా నిలబడే ఉంటుంది. దాంతో నాకు ఇంకా విసుగు.

ఏప్రిల్ 30

ఎర్రన్న సార్ పిలిచారు. సంస్థ పెట్టింది ఆయన, ఆయన పిలిస్తే పోవాలి. ఆ అమ్మాయి పని ముందుకు సాగడం లేదని ఎవరో చెప్పారట. ఎవరో ఏమిటి, ఆఫీసులో ఉన్నది ఎందరు?

విడమర్చి చెప్పాను. సర్వర్లో ప్రతి ఫైలుకూ ఒక ఓనరు ఉంటాడు, ఒక గుంపు ఉంటుంది, ఆ తర్వాత మిగతా జనం. చదవడం, రాయడం, నడపడం, ఈ మూడు హక్కులు ఎవరికి ఎంత అన్నది విడివిడిగా ఉంటుంది. వీటన్నిటికీ పైన రూట్ ఉంటుంది. రూట్‌కు అడ్డు లేదు, అందుకే దాని పాస్‌వర్డు ఒక్కరి దగ్గరే ఉండాలి.

ఆయన అంతా విని, "అయితే ఆ పాపను నీ గుంపులో చేర్చు. అయిపోతుంది గదా" అన్నారు.

అంత తేలిక కాదు సార్ అన్నాను. ఎందుకు కాదని ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

మే 2

ఎందుకు కాదంటే, ఇక్కడ నాతో పనిచేసిన ప్రణీత్ వల్ల. నిరుడు ఇదే ఎండల్లో అతన్ని నమ్మి రూట్ ఇచ్చాను. ఏ ఫోల్డరులో ఉన్నాడో చూసుకోకుండా తుడిచేసే కమాండు కొట్టాడు. పల్లెల సమాచారమంతా పోయింది. అతను బెంగళూరులో ఉద్యోగం చూసుకున్నాడు. నేను రిజిస్టర్లు ముందేసుకుని అంతా మళ్ళీ టైపు చేశాను. వేళ్ళు వాచాయి.

ఇది బొమ్మలు గీసుకునే కంప్యూటరు కాదు. కుందుర్పి నుంచి, మడకశిర నుంచి, ఇంకా ఎక్కడెక్కడి పల్లెల నుంచో సాయంత్రానికి ఫోన్లు వస్తాయి. ఏ ఊరి బోరు ఎండిపోయింది, ఎక్కడ ఎంతమంది, ఏ దారిలో ట్యాంకరు పోగలదు. నా ప్రోగ్రాము వాటిని చూసి మర్నాటి షీటు తీస్తుంది. డ్రైవర్లు ఆ షీటు పట్టుకుని పోతారు. అందులో పేరు లేని ఊరికి ఆ రోజు నీళ్ళు లేవు. ఇంత పని ఇంకొకరి చేతిలో ఎలా పెట్టాలి?

చౌడేశ్వరి ఈ రోజు మాత్రం ఏమీ అడగలేదు. సాయంత్రం దాకా ఊరికే కూర్చుంది.

మే 6

విసిగిపోయి నిన్న ఆ ఫోల్డరంతా మూడు ఏడులు కొట్టి వదిలేశాను. 777. అందరికీ అన్ని హక్కులూ. తీసుకోండి.

ఈ రోజు మధ్యాహ్నం బాలప్ప షీటు ప్రింటు తీయబోయి ప్రోగ్రాము ఫైలునే తెరిచాడు. అందులో ఏదో మీట నొక్కి, సేవ్ కూడా చేశాడు. బాలప్ప గుమాస్తా, ఆయన తప్పేమీ లేదు, ఆయనకు ఆ ఫైలు కనబడకూడదు. ప్రోగ్రాము ఆగిపోయింది. ఆ తప్పు అక్షరం వెతకడానికే సాయంత్రమైంది.

చూశారా అని ఎర్రన్న సార్‌తో అన్నాను. హక్కులన్నీ మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది, ఎందుకు దాచుకోవాలి.

మే 7

మళ్ళీ తాళం. మళ్ళీ చౌడేశ్వరి.

మే 9, శుక్రవారం

ఒళ్ళంతా నొప్పులు. తల పగిలిపోతోంది. ఎండ దెబ్బ అయ్యుంటుంది.

సాయంత్రం షీటు రాలేదు. ప్రోగ్రాము ఏదో పాత ఫైలు మీద రాయబోయి పర్మిషన్ లేదంటూ ఆగింది. మొన్న హక్కులు వెనక్కి తీసుకున్నప్పుడు ఎక్కడో ఒకటి ఎక్కువ తీసినట్టున్నాను. వెతికే ఓపిక లేదు. డ్రైవర్లు కింద ఎదురుచూస్తున్నారు. రూట్‌గానే షీట్లకు కొత్త ఫోల్డరు చేసి, రూట్‌గానే ప్రోగ్రాము నడిపేశాను. షీటు వచ్చింది. డ్రైవరు లింగప్ప తీసుకుని వెళ్ళాడు.

చౌడేశ్వరి నా వెనక నిలబడి, ఆ కొత్త ఫోల్డరుకు ఓనరు ఎవరని అడిగింది. నేను చూసుకుంటాలే, నువ్వు ఇంటికి పో అన్నాను.

మే 10

జ్వరం. పడుకున్నాను.

మే 11, ఆదివారం

ఎండ దెబ్బ కాదు. పొట్ట మీద, వీపు మీద పొక్కులు. డాక్టరు చికెన్‌పాక్స్ అన్నాడు. ఇంటి ఓనరు కదిరమ్మ అమ్మ పోసిందంది, గుమ్మానికి వేపాకు కట్టింది. మూడు నీళ్ళు పోసుకునేదాకా గడప దాటకూడదట. ఆమెకు మనవలు ఉన్నారు, నేను కాదనలేను.

ఇరవై ఏడేళ్ళ వయసులో ఇదేమిటి నాకు.

షీటు దానంతటదే వస్తుంది. రోజూ సాయంత్రం ప్రోగ్రాము తనే నడిచేలా ఎప్పుడో పెట్టాను. మనిషి అక్కరలేదు.

మే 12, సోమవారం

ఈ రోజు జరిగింది రాయాలి. చేతి మీద కూడా పొక్కులే, అయినా రాయాలి.

పదకొండు గంటలప్పుడు హాల్లో ఫోను మోగింది. ఫోను కదిరమ్మది. నేను గదిలో, ఆమె తలుపు దగ్గర, ఫోను ఆమె చేతిలో. చౌడేశ్వరి మాట్లాడుతోందట. "కొత్త షీటు రాల్యాదంట" అంది కదిరమ్మ. శనివారం నుంచీ ప్రింటరులో శుక్రవారం షీటే వస్తోందట. పైన తేదీ బాలప్ప చేత్తో రాస్తాడు. పాత షీటు మీద కొత్త తేదీ వేసి ఇచ్చేశాడు. పోయిన ఊళ్ళకే మళ్ళీ మళ్ళీ పోయాయి బండ్లు. కొన్ని ఊళ్ళకు పోనే లేదు.

బాలప్ప ఊళ్ళ పేర్లు చూసుకోవద్దా? నిన్న వచ్చిన పేర్లే మళ్ళీ ఎందుకొచ్చాయని అనుకోవద్దా?

షీట్ల ఫోల్డరు ఎవరి పేరు మీద ఉందో చూడమన్నాను. ఆ కమాండు చెప్పడానికే కాలం పట్టింది. ఎల్. ఎస్. కాస్త ఖాళీ. అడ్డగీత. మళ్ళీ ఎల్. కదిరమ్మ ఒక్కోటి ఫోనులో చెప్తుంది, అటునుంచి వచ్చింది మళ్ళీ నాకు చెప్తుంది. అడ్డగీత అంటే పొడుగుదా పొట్టిదా అని మధ్యలో తనకే అనుమానం.

చివరికి అంది: "రూట్ రూట్ అని ఉండాదంట. రెండు మార్లు. ఓనరూ రూటే, గుంపూ రూటే. రూట్ అంటే ఎవురమ్మా?"

"ఎవరూ కాదు" అన్నాను.

రోజూ షీటు తీసే ప్రోగ్రాము రూట్‌గా నడవదు, దానికి వేరే పేరు ఉంది. ఆ పేరుకు ఆ ఫోల్డరులో రాసే హక్కు లేదు. రాయలేక, పాత షీటును అలాగే వదిలేస్తోంది. ఓనరును మారిస్తే చాలు. చాలా చిన్న పని. కానీ రూట్‌కు తప్ప ఎవరికీ కుదరదు.

పాస్‌వర్డు చెప్పమంటోంది అంది కదిరమ్మ.

అది నోటితో చెప్పే మాట కాదన్నాను. ఫోను మీద, హాల్లో, కిటికీలు తెరిచిపెట్టుకుని. వీధంతా వింటుంది. కదిరమ్మ అదే మాట ఫోనులో చెప్పింది. చౌడేశ్వరి ఫోను పెట్టేసిందట.

ఫోను పెట్టేయడం ఏమిటి? పద్ధతిగా నన్ను అడగొచ్చు. ఏదో ఒక దారి చెప్పి ఉండేదాన్ని. ఒక్కరోజు ఆగలేరా? నా తప్పేమీ లేదు ఇందులో. జ్వరం వచ్చింది, అది నా చేతిలో ఉందా?

మే 12, సాయంత్రం

కదిరమ్మ చెప్పింది, మళ్ళీ ఫోను వచ్చిందట, నన్ను లేపవద్దందట. చౌడేశ్వరి ఫోన్ల రిజిస్టరు ముందు పెట్టుకుని, షీటు చేత్తోనే రాసి బండ్లు పంపిందట.

నా ప్రోగ్రాము లేకుండా.

మే 13

చౌడేశ్వరి ఇంటికి వచ్చింది.

గడప దగ్గరే ఆగుతుందనుకున్నాను. లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది. తనకు చిన్నప్పుడే అమ్మ పోసిందట, భయం లేదంది. కదిరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగింది. నేను దుప్పటి కప్పుకుని ఎటో చూస్తూ పడుకున్నాను. నా మొహం ఎవరూ చూడకూడదని ఉంది.

నేనే మొదలుపెట్టాను. ఫోను అలా పెట్టేయడం మర్యాద కాదన్నాను. ఎన్ని ఊళ్ళకు నీళ్ళు తప్పాయని అడిగాను. చెప్పింది. అందులో మల్లెలదొడ్డి ఉంది, కుందుర్పి అవతల, గొర్రెల కాపరుల పల్లె. మూడు రోజులు బండి పోలేదట. ఉన్న ఒక్క చేతిపంపు మాఘంలోనే ఎండిపోయిందట. జనం క్వారీ గుంతలో మిగిలిన నీళ్ళు తెచ్చుకుని, బట్టలో వడగట్టి తాగారట. పిల్లలకు వాంతులు, భేదులు. కొందరిని కుందుర్పి ఆస్పత్రికి తెచ్చారట. ఒక పాపను అక్కడ ఉంచుకోకుండా అనంతపురం పంపారట.

"ఎట్లుంది ఆ పాపకు?" అన్నాను.

"సెలైన్ ఎక్కించినారు. రాత్రి కండ్లు తెరిచింది. మా అక్క బిడ్డ."

ఆమె ఊరు కుందుర్పి వైపు అని తెలుసు. ఏ ఊరో నేను ఎప్పుడూ అడగలేదు.

నిన్న ఫోన్లోనే చెప్పి ఉండాల్సిందన్నాను. "కదిరమ్మవ్వతో ఏమని చెప్పల్ల అక్కా?" అంది. అప్పుడు కూడా ఆ మొహంలో భావమేమీ లేదు. ఇన్నాళ్ళూ దాన్ని నేను లెక్కలేనితనం అనుకున్నాను.

మజ్జిగ గ్లాసు పక్కకు జరిపి తనే అంది: "నీ మీద కోపంతో రాల్యా. పాస్‌వర్డు కావల్ల. ఈ పొద్దు గూడా చేత్తోనే రాసినా. తప్పులు పోతాండాయి. ఒక ఊరికి రెండు బండ్లు పంపించినా."

నేను ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. అంత విన్నాక కూడా నా నోట వచ్చింది ఇదే: "రూట్‌లో నువ్వు తప్పు కొడితే?"

"కొడతా. నువ్వు కొట్టల్యాదా?"

గొంతు పెంచలేదు. టైము ఎంతయిందని అడిగినట్టే అడిగింది.

చెప్పాను. దగ్గరికి రమ్మని చెవిలో చెప్పాను. చెవిలోనే మళ్ళీ నాకు అప్పజెప్పి, సరేనా అని చూసి, వెళ్ళిపోయింది. గుంపులో చేర్చమని ఈసారి కూడా అడుగుతుందనుకున్నాను. అడగలేదు. తలుపు దాటబోతుంటే నేనే పిలిచి, నిన్ను నువ్వే గుంపులో చేర్చుకో అన్నాను.

మే 14

కదిరమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "అయిందంట" అంది.

షీటు మళ్ళీ దానంతటదే వచ్చిందన్నమాట.

మే 17

మొదటి నీళ్ళు పోసుకున్నాను. వేపాకు వాసన ఇల్లంతా.

ఆ పాపను ఇంటికి పంపించేశారట. ఎర్రన్న సార్ ఫోను చేసి చెప్పారు. ఇంకేమీ అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండేది.

మే 20

ప్రణీత్‌ది తప్పు. నాది జ్వరం. రెండూ ఒకటి కావు.

మే 21

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. ఫోల్డరు చేసేటప్పుడు జ్వరం ఉంది, నిజమే. ఓనరు ఎవరని ఆ అమ్మాయి అడిగినప్పుడు ఇంటికి పొమ్మన్నది మాత్రం జ్వరం కాదు.

మే 26, సోమవారం

ఆఫీసుకు వెళ్ళాను. మొహం మీద మచ్చలు. బాలప్ప చూసి తల వంచుకున్నాడు, తన వల్లే జరిగిందని కుమిలిపోతున్నాడట ఇన్నాళ్ళూ. ఎవరూ ఆయనతో కాదని చెప్పలేదు. నేను చెప్పాను. షీటు సరిగ్గా రాకపోవడానికి కారణం నేనని, ఆయన కాదని. ఆయనకు అది అర్థమైందో లేదో, "పోనీలే తల్లీ, ఆరోగ్యం జాగ్రత్త" అన్నాడు.

రూట్‌గా లాగిన్ అయ్యాను. ఏమేమి చేసిందో చూడాలనే అయ్యాను, అబద్ధమెందుకు. కొట్టిన కమాండులన్నీ మిషను దాచి ఉంచుతుంది. షీట్ల ఫోల్డరు ఓనరును మార్చింది. తనను గుంపులో చేర్చుకుంది. సి.వి.ఎస్. ఫోల్డర్లన్నిటికీ గుంపు హక్కు పెట్టింది, ఇకముందు ఎవరు కొత్త ఫైలు పెట్టినా అది గుంపుకే చెందేలా ఆ "ఎస్" గుర్తు కూడా పెట్టింది. ఆ గుర్తు సంగతి నాకు తెలుసు. పెడితే మొదటి రోజే ఈ గోలంతా తీరిపోయేదని కూడా తెలుసు. తర్వాత బయటికి వచ్చేసింది. మళ్ళీ రూట్‌లోకి రాలేదు. ఇంకేమీ ముట్టుకోలేదు.

రూట్‌కు వచ్చే మెయిలు తెరిచాను. అది నేను తప్ప ఎవరూ చూడరు. పదో తేదీ నుంచి ఆమె సరిచేసేదాకా ప్రతి సాయంత్రమూ ఒక మెయిలు. షీటు రాయలేకపోయాను, పర్మిషన్ లేదు. షీటు రాయలేకపోయాను, పర్మిషన్ లేదు.

రోజూ చెప్పింది మిషను. చెప్పింది నాకొక్కదానికే.

మే 29

మల్లెలదొడ్డికి పోయి వచ్చాను. ఎవరూ పొమ్మనలేదు. లింగప్ప బండి ఎక్కి, ముందు సీట్లో కూర్చుని పోయాను. కళ్యాణదుర్గం దాటాక దారి పొడవునా చెట్టుకు ఆకు లేదు. లింగప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గుంతలు వచ్చినప్పుడు మాత్రం గట్టిగా పట్టుకోమంటాడు.

చేరేసరికి మధ్యాహ్నం. బండి హారను విని ముసలివాళ్ళు, పిల్లలు బిందెలతో వచ్చారు. పైపు పట్టుకునే బలం ఎవరికీ లేదు. లింగప్ప ఒక చివర పట్టుకుంటే, రెండో చివర తొట్టిలోంచి జారి నేల మీద పారింది. నేను పోయి పట్టుకున్నాను. చీర మోకాళ్ళదాకా తడిసింది.

ఒక ఆమె గట్టు మీంచి దిగి వస్తూ కనిపించింది, తల మీద మట్టి గంప, చేతిలో పార. చౌడేశ్వరి అమ్మ, మారెక్క. లింగప్ప నన్ను చూపించి ఏదో చెప్పాడు. పాప సంగతి ఎత్తుతుందని, ఏమని బదులివ్వాలని, దారంతా అదే ఆలోచిస్తూ వచ్చాను.

మారెక్క గంప దించి, నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వేనా ఆ కంప్యూటరాయమ్మ?"

"ఊ" అన్నాను.

"బండి పన్నెండుకు పంపిస్తావెందుకు? మేమంతా కరువు పనికి పోయింటాం. ఊర్లో వీళ్ళే ఉంటారు. సగం నీళ్ళు మన్ను తాగుతాది. తెల్లారి పంపిస్తే నీ సొమ్మేం పోతాది?"

అంతే. పాప మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను. ఎట్లుందని అడిగాను. "ఆడుకుంటాంది" అంది, తొట్టి వైపు చూస్తూనే. ఆమెకు కావలసింది నా పశ్చాత్తాపం కాదు, తెల్లారి వచ్చే బండి.

ఈ సంగతి ముందే ఎవరితోనైనా చెప్పాల్సింది అన్నాను. ఏమనాలో తోచక అన్నాను. మారెక్కకు కోపం వచ్చింది.

"నా కూతురుకు చెప్పినా. ఎప్పుడో చెప్పినా. టైము మార్చి పెట్టుకున్నా గానీ ఆపీసులో అక్కను అడగల్లమ్మా అంటాంది. నీళ్ళు అడిగేదానికి గూడా అడగల్లనా?"

లింగప్ప పైపు చుట్టుకుంటున్నాడు. నా తడి చీరకు ఎర్రమన్ను అంటుకుంది. ఇంటికి వచ్చి ఎంత ఉతికినా పోలేదు.

మే 30

ప్రోగ్రాము తీసి చూశాను. ఏ ఊరికి ఎన్ని గంటలకు అన్నది నేను దూరాన్ని బట్టి పెట్టాను. దగ్గరి ఊళ్ళు ముందు, దూరపు ఊళ్ళు తర్వాత. అప్పట్లో అది చాలా తెలివైన పద్ధతి అనిపించింది. ఆ సమయానికి ఊళ్ళో మనుషులు ఉంటారా అన్న ప్రశ్న ఆ ప్రోగ్రాములో ఎక్కడా లేదు.

చౌడేశ్వరిని పిలిచి, నువ్వు మార్చి పెట్టుకున్నదాన్ని లోపల పెట్టు అన్నాను. నువ్వు ముందు చూస్తావా అని అడిగింది. వద్దన్నాను. అనడానికి కష్టమైంది.

జూన్ 2

మళ్ళీ విసుగు. ఆ అమ్మాయి కోడు రాసే తీరు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఒకచోట నాలుగు ఖాళీలు, ఒకచోట ఎనిమిది. వేరియబుల్స్‌కు ఊరి మేకల పేర్లు పెట్టినట్టు పెట్టింది. నేను ఊరుకోలేక చూశాను, చూస్తే ఒక తప్పు కూడా దొరికింది. నెల మారినప్పుడు ఒక రోజు జారిపోతుంది. నేనే దిద్దుదామని ఫైలు తెరిచి, మూసేసి, ఆమెను పిలిచి చూపించాను. "అవును గదా" అని తనే దిద్దింది. తాళం పడింది, లోపలికి పోయింది, నన్ను ఏమీ అడగలేదు. మళ్ళీ తన సీటుకు పోయి కూర్చుంది.

రోజంతా ఎవరూ నా కుర్చీ దగ్గరికి రాలేదు. రెండుసార్లు నేనే తల తిప్పి చూశాను.

పాస్‌వర్డు మార్చుకోమని సాయంత్రం గుర్తు చేసింది. చూద్దాంలే అన్నాను.

జూన్ 4, బుధవారం

ఆఫీసుకు పోయేసరికి బాలప్ప చెప్పాడు. లింగప్ప కుందుర్పిలో టెలిఫోన్ బూత్ నుంచి ఫోను చేశాడట. మల్లెలదొడ్డికి తెల్లారేసరికే బండి చేరిందట. పనికి పోయేలోపు ఆడవాళ్ళంతా వచ్చి పైపు పట్టుకున్నారట, చుక్క కింద పడలేదట.

ఆ సమయానికి నేను నిద్రపోతున్నాను. నన్నెవరూ లేపలేదు.